తటస్థ దేశము, పరదేశపు సిపాయి: స్విస్ చరిత్రలో సైనికుని ఇంటివారు

1. ఉపోద్ఘాతము

స్విట్జర్లాండ్ పేరు చెప్పగానే యుద్ధములకు దూరముగా నిలిచిన దేశము, రెడ్‌క్రాస్ పుట్టిన దేశము అని మనకు తోస్తుంది. సంఘ చరిత్ర చదివిన వేదాంత విద్యార్థులకైతే జ్యూరిచ్‌లో జ్వింగ్లీ, బాసెల్‌లో ఎకొలంపాడియస్ గుర్తుకు వస్తారు. అయితే ఇదే దేశము 15వ శతాబ్దము చివరి నుండి 19వ శతాబ్దము మధ్య వరకు ఐరోపా రాజులకు కూలి సిపాయిలను పంపిన దేశము కూడా. ఆ నాలుగు వందల ఏండ్లలో పది లక్షలకు పైగా స్విస్ పురుషులు పరాయి జెండాల క్రింద పనిచేసి ఉంటారని చరిత్రకారుల అంచనా. ఫ్రాన్సు, స్పెయిన్, హాలెండ్, నేపుల్స్, పోపు రాజ్యము, ప్రష్యా – ఎక్కడ యుద్ధము జరిగినా అక్కడ ఆ కొండ గ్రామముల కుర్రవాళ్ళు ఉన్నారు.

ఈ రెండు సంగతులు ఒకే దేశములో ఎలా ఇమిడాయి? ప్రభుత్వము తటస్థముగా ఉన్నదని ప్రకటించినప్పుడు ఆ దేశపు సామాన్య సిపాయి, అతని తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు కూడా యుద్ధమునకు దూరముగా ఉండగలిగారా? ఈ విషయములో సంఘము ఏమి పలికింది, ఎంతవరకు నిలబడింది? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. చరిత్రలో రాజుల పేర్లు, సేనాధిపతుల పేర్లు మిగులుతాయి. మేము మాత్రము సాధ్యమైనంతవరకు సిపాయి ఇంటి గడప దగ్గర నిలబడి ఈ చరిత్రను చూడదలచుకున్నాము.

2. కొండ గ్రామముల పేదరికము, రాజుల అవసరము

1476లో గ్రాన్‌సన్, మూర్టెన్ వద్ద, 1477లో నాన్సీ వద్ద స్విస్ బల్లెముల సేన బర్గండీ ప్రభువు చార్లెస్‌ను ఓడించింది. మామూలు రైతులు, పశుకాపరులు గుఱ్ఱపు దళములను చెదరగొట్టారన్న వార్త ఐరోపా అంతటా ప్రాకింది. అప్పటి నుండి ప్రతి రాజూ స్విస్ సిపాయిలను కోరుకున్నాడు.

ఇవ్వటానికి మనుషులు కూడా ఉన్నారు. ఆల్ప్స్ కొండలలో సాగుభూమి తక్కువ. పశువుల పోషణకు ఎక్కువ చేతులు అక్కరలేదు. నలుగురు కొడుకులున్న ఇంటిలో ఒకరిద్దరికి మాత్రమే పని దొరికేది. మిగిలినవారు జీతము వెదుక్కుంటూ కొండ దిగవలసిందే.

ఈ వ్యాపారము ఎలా సాగిందో గమనించుదము. రాజుకు, కాంటన్ అనే స్వయంపాలిత రాష్ట్రమునకు మధ్య ఒప్పందము జరిగేది. ఎంతమందిని పంపాలి, జీతమెంత, వారు ఏ న్యాయస్థానము క్రింద ఉంటారు అన్నవి అందులో వ్రాసుకొనేవారు. దానికి బదులుగా రాజు కాంటన్ ఖజానాకు, అక్కడి పెద్ద కుటుంబములకు ఏటేటా సొమ్ము పంపేవాడు. ఉప్పు, ధాన్యము వంటి సరుకుల వ్యాపారములో రాయితీలు కూడా దొరికేవి. దళమును పోగుచేసే కెప్టెన్‌కు అది సొంత వ్యాపారము. సిపాయి బట్టలకు, ఆయుధములకు అయిన ఖర్చు అతని జీతములోనుండి విరిచేవాడు. కాబట్టి చాలామంది సిపాయిలు కెప్టెన్‌కు ఋణపడి ఉండేవారు. రాజు సొమ్ము ఆలస్యమైతే ఆ భారము చివరికి సిపాయి మీద, ఇంటి దగ్గర ఎదురుచూసేవారి మీద పడేది. లాభము పెద్ద ఇంటికి ముందుగా చేరింది. నష్టము చిన్న ఇంటికి ముందుగా చేరింది. ఈ ఒక్క సంగతి మనస్సులో ఉంచుకుంటే తరువాత చరిత్ర సులభముగా అర్థమవుతుంది.

3. జ్వింగ్లీ చూచినది, చెప్పినది

హుల్డ్రిక్ జ్వింగ్లీ 1484 జనవరి 1న టోగెన్‌బర్గ్ లోయలోని విల్డ్‌హౌస్ గ్రామములో జన్మించాడు. 1506 నుండి గ్లారస్‌లో పాదిరిగా ఉన్నాడు. ఆ ఊరి యువకులు ఇటలీ యుద్ధములకు వెళ్ళినప్పుడు వారి వెంట సేనా పాదిరిగా వెళ్ళాడు. 1513లో నోవారా విజయమును, 1515 సెప్టెంబరు 13, 14 తేదీలలో మారిన్యానో ఓటమిని దగ్గరగా ఎరిగినవాడు. మారిన్యానోలో వేల కొలది స్విస్ సిపాయిలు కూలిపోయారు. తాను బాప్తిస్మమిచ్చిన ఇండ్లకు, పెండ్లి చేసిన ఇండ్లకు ఆ వార్త మోసుకొని తిరిగి రావటము ఏ కాపరికైనా ఎంత భారమో వేరుగా చెప్పనక్కరలేదు.

జ్వింగ్లీ మొదటి నుండి నిష్కళంకముగా ఉన్నాడని చెప్పలేము. ఆయన కూడా పోపు నుండి వార్షిక భత్యము పుచ్చుకున్నాడు. 1520లో దానిని వదిలివేశాడు. వదిలివేసిన తరువాతనే ఆయన మాటకు బలము వచ్చిందని మా అభిప్రాయము. రాజు సొమ్ము తినే ప్రసంగీకుడు రాజు యుద్ధమును గూర్చి ప్రసంగించలేడు.

1521లో మిగిలిన కాంటన్‌లన్నీ ఫ్రాన్సు రాజుతో ఒప్పందము చేసుకున్నాయి. జ్యూరిచ్ ఒక్కటే ఒప్పుకోలేదు. 1522 జనవరిలో జ్యూరిచ్ సభ కూలి సైన్యములో చేరటమును, పరాయి రాజుల సొమ్ము పుచ్చుకోవటమును నిషేధించింది. అదే సంవత్సరము ఏప్రిల్ 27న మిలాన్ దగ్గర బికోక్కాలో ఫ్రాన్సు పక్షమున పోరాడిన స్విస్ సిపాయిలలో సుమారు 3000 మంది చనిపోయారు. తరువాత మూడు వారములలోపే, మే 16న, జ్వింగ్లీ ష్విజ్ ప్రజలకు ఒక హెచ్చరిక పత్రమును వ్రాశాడు.

ఆ పత్రములో మా దృష్టిని ఆకర్షించినది ఒక్క వాదన. పరాయి సిపాయి వచ్చి నీ పొలము త్రొక్కి, పశువులను తోలుకొనిపోయి, కొడుకును చంపి, కూతురిని చెరిపితే నీకెలా ఉంటుందో ఆలోచించు. నీవు కూలికి వెళ్ళి ఇతరుల ఇండ్లకు చేస్తున్నది అదే కదా అన్నది ఆయన వాదన. అంటే జ్వింగ్లీ స్వదేశపు తల్లి కన్నీటి దగ్గర ఆగిపోలేదు. ఇటలీ రైతు తల్లి కన్నీటిని కూడా లెక్కలోనికి తెచ్చాడు. ష్విజ్ ప్రజాసభ మొదట ఆ మాటకు కదిలి పరాయి సేవను మానుకోవటానికి తీర్మానించింది. కొద్ది కాలములోనే ఆ తీర్మానమును వెనుకకు తీసుకుంది. సొమ్ము మాట ప్రసంగము మాటకన్నా గట్టిగా వినబడింది.

ఇంకొక సంగతి మరువరాదు. జ్వింగ్లీ కూలి యుద్ధమును వ్యతిరేకించాడు గాని యుద్ధమును వ్యతిరేకించలేదు. 1531లో జ్యూరిచ్, బెర్న్ కలిసి కొండ ప్రాంతపు ఐదు కథోలిక కాంటన్‌లకు ధాన్యము, ఉప్పు వెళ్ళకుండ ఆపివేశాయి. ఆ నిర్బంధము మొదట తగిలింది వంటయింటికే. జ్వింగ్లీకి ఆ నిర్బంధము నచ్చలేదు. కాని దానికి బదులు ఆయన కోరినది బహిరంగ యుద్ధము. అక్టోబరు 11న కాపెల్ వద్ద జరిగిన పోరులో జ్యూరిచ్ పక్షమున సుమారు 500 మంది చనిపోయారు. వారిలో పలువురు పాదిరులు, జ్వింగ్లీ కూడా ఉన్నారు. ఆయన భార్య అన్నా రైన్‌హార్ట్ ఆ ఒక్క రోజునే భర్తను, మొదటి వివాహములోని కుమారుని, అల్లుని, సహోదరుని, బావను కోల్పోయింది. జ్వింగ్లీ స్థానములో వచ్చిన బుల్లింజర్ ఆ కుటుంబమును తన యింట చేర్చుకున్నాడు. సంస్కరణ చరిత్రలో కాపెల్ గూర్చి చదివేటప్పుడు ఆ విధవరాలి పేరు కూడా చదవాలని మా మనవి.

4. మరియొక సమాధానము

అదే జ్యూరిచ్‌లో వేరొక స్వరము కూడా వినబడింది. 1525 జనవరి 21న కొందరు విశ్వాసులు పెద్దవయస్సులో బాప్తిస్మము పొంది అనబాప్తిస్టు ఉద్యమమునకు ఆరంభకులైనారు. 1527 ఫిబ్రవరిలో ష్లైట్‌హైమ్‌లో మైఖేల్ సాట్లర్ నాయకత్వమున కూడిన వారు క్రీస్తు శిష్యునికి ఖడ్గము తగదని తీర్మానించారు. పరాయి రాజు ఖడ్గమైనా, స్వదేశపు ఖడ్గమైనా వారికి ఒకటే. ఆ ఏడాది జనవరి 5ననే జ్యూరిచ్ ప్రభుత్వము ఫెలిక్స్ మాన్జ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపింది. కూలి యుద్ధమును నిషేధించిన సభయే యుద్ధము మానిన వారిని శిక్షించింది.

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. మహబూబ్‌నగర్ ప్రాంతములో వేరూనిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘము ఈ అనబాప్తిస్టు కుదురు నుండి వచ్చినదే. స్విట్జర్లాండ్‌తో పాటు హాలెండ్‌లో వ్యాపించిన ఉద్యమము ప్రష్యా మీదుగా రష్యాకు చేరింది. 1889లో అక్కడి నుండి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో సేవ ఆరంభించాడు. ఆయుధము పట్టము అన్న విశ్వాసము కోసము దేశములు మారిన కుటుంబముల వారసత్వము మన తెలంగాణ సంఘములలో కూడా ఉన్నదన్నమాట.

5. ప్రభుత్వము తటస్థము, సిపాయి కాదు

స్విస్ తటస్థత 1515లో మారిన్యానో ఓటమితో ఒక్కసారిగా పుట్టిందని చాలా పుస్తకములలో కనబడుతుంది. ఇది సరికాదు. ఓటమి తరువాత 1516లో ఫ్రాన్సుతో శాశ్వత శాంతి ఒప్పందము జరిగింది. 1521లో సైనిక ఒప్పందమే జరిగింది. తటస్థత మెల్లగా రూపుదిద్దుకున్నది. ముప్పది ఏండ్ల యుద్ధము చివరిలో 1647లో కాంటన్‌లు విల్ పట్టణములో ఉమ్మడి రక్షణ ఏర్పాటు చేసుకున్నాయి. 1674లో కాంటన్‌ల సభ తాము తటస్థ రాజ్యమని ప్రకటించింది. ఈ మధ్యలో 1614లో జ్యూరిచ్ కూడా ఫ్రాన్సు ఒప్పందములో చేరిపోయింది. జ్వింగ్లీ నిషేధము నిలిచినది దాదాపు తొంబది ఏండ్లు.

ఆ కాలపు తటస్థత అంటే ఏమిటి? ఏ రాజు పక్షమున దేశము యుద్ధమునకు దిగదు. కాని ఇరుపక్షములకూ మనుషులను ఇస్తుంది. దీని ఫలము 1709 సెప్టెంబరు 11న మాల్‌ప్లాకే వద్ద కనబడింది. ఫ్రాన్సు సేనలోని స్విస్ రెజిమెంట్లు, హాలెండ్ సేనలోని స్విస్ రెజిమెంట్లు ఒకదానినొకటి ఎదిరించాయి. రెండు పక్షములలోనూ బెర్న్ నగరపు మే వంశీయుల పేరు గల రెజిమెంట్లు ఉన్నాయి. 1808లో స్పెయిన్‌లోని బైలెన్ వద్ద మరల ఇదే జరిగింది. దేశమునకు శత్రువు లేడు. సిపాయికి మాత్రము తన పొరుగు ఊరివాడే శత్రువైనాడు. ఆ ఊళ్ళలో రెండు ఇండ్లు ఒకే వారములో ఒకే యుద్ధము కొరకు ఏడ్చిన రోజులున్నాయంటే ఆశ్చర్యము లేదు.

ఈ కూలి సేన మన దక్షిణ భారతమును కూడా త్రొక్కింది. నూషాటెల్‌కు చెందిన దె మురాన్ 1781లో డచ్ కంపెనీ కొరకు పోగుచేసిన రెజిమెంటు సింహళములో ఉండగా 1795లో బ్రిటిష్ వారి చేతికి మారింది. 1799లో శ్రీరంగపట్నము ముట్టడిలో టిప్పు సుల్తానుకు వ్యతిరేకముగా ఆ రెజిమెంటు పోరాడింది. టిప్పుతో వారికి గాని వారి దేశమునకు గాని ఏ పగయూ లేదు.

6. ఇంటి దగ్గర మిగిలినవారు

పురుషులు కొండ దిగిన తరువాత పశువులు, పచ్చిక, అప్పులు, పిల్లలు స్త్రీల మీద పడ్డాయి. భర్త బ్రతికి ఉన్నాడో లేదో తెలియని స్త్రీ విధవరాలు కాదు, భార్య కూడా కాదు. మరణ వార్త రుజువు కానిదే పునర్వివాహము లేదు, ఆస్తి పంపకము లేదు. చదువు రాని సిపాయి ఉత్తరము వ్రాయించుకోవాలి. చదువు రాని తల్లి దానిని చదివించుకోవాలి. చాలాచోట్ల ఆ చదివేవాడు ఊరి పాదిరియే.

1688లో యోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి బాసెల్ విశ్వవిద్యాలయములో ఇంటి బెంగను ఒక వ్యాధిగా వర్ణించి, దానికి నాస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఈనాడు అనేక ఐరోపా భాషలలో వాడే మాట అది. పరదేశములో ఉన్న స్విస్ సిపాయిలకు పశుకాపరుల పాట వినబడితే కుంగిపోతారని 1710లో త్స్వింగర్ అనే వైద్యుడు వ్రాశాడు. ఆ పాటను స్విస్ దళములలో వాయించటము నిషేధమని రూసో తన సంగీత నిఘంటువులో పేర్కొన్నాడు. వైద్యులు రోగమన్నారు, కెప్టెన్లు క్రమశిక్షణ సమస్య అన్నారు. మేము దానిని కుటుంబము విరిగిన బాధ అంటాము.

సామాన్య సిపాయి స్వయముగా వ్రాసిన సాక్ష్యములు అరుదు. అటువంటిది ఒకటి ఉల్రిక్ బ్రేకర్‌ది. జ్వింగ్లీ పుట్టిన టోగెన్‌బర్గ్ లోయలోనే 1735లో ఒక పేద ఇంటిలో పుట్టాడు. ఒక ప్రష్యా అధికారి దగ్గర సేవకుని పని అని నమ్మి చేరాడు. 1756లో బెర్లిన్ చేరిన తరువాత అతని చేతికి తుపాకి వచ్చింది. మోసపోయానని గ్రహించేసరికి తిరిగి వెళ్ళే దారి లేదు. అక్టోబరు 1న లోబోసిట్జ్ యుద్ధము మధ్యలో పారిపోయి కాలినడకన ఇల్లు చేరాడు. ప్రేమించిన పిల్ల అప్పటికే వేరొకరిని పెండ్లాడింది. అతని జీవిత కథ 1789లో అచ్చయింది. అతని దేశము ఆ యుద్ధములో తటస్థమే. ఆ తటస్థత అతనిని బెర్లిన్ నుండి విడిపించలేదు.

7. సింహము శిల్పము, దాని క్రింద వ్రాత

1792 ఆగస్టు 10న పారిస్‌లో ట్యూలరీస్ రాజభవనమును కాపాడుతూ సుమారు 600 మంది స్విస్ గార్డులు చనిపోయారు. వారి జ్ఞాపకార్థము లూసర్న్‌లో 1821లో మరణించుచున్న సింహమును కొండరాతిలో చెక్కారు. థోర్వాల్డ్‌సెన్ రూపకల్పన చేసిన ఆ శిల్పము క్రింద అధికారుల పేర్లు ఉన్నాయి. సామాన్య సిపాయిలకు మాత్రము అంకెలే ఉన్నాయి: చనిపోయినవారు 760, తప్పించుకున్నవారు 350. నేటి లెక్కలతో ఆ అంకెలు సరిపోవు. అయినా అసలు విషయము అది కాదు. ఒక్కొక్క అంకె వెనుక ఒక ఇల్లు ఉన్నది. శిల్పము దానిని చెప్పదు.

నెపోలియన్ 1803లో 16,000 మంది స్విస్ సిపాయిలను కోరుతూ ఒప్పందము చేయించాడు. 1812 నవంబరు 28న రష్యాలో బెరెజినా నది ఒడ్డున సుమారు 1300 మంది స్విస్ సిపాయిలు వెనుదిరిగే సేనను కాపాడటానికి నిలబడితే, సుమారు 300 మంది మిగిలారు. 1815 నవంబరు 20న పారిస్‌లో ఐరోపా రాజ్యములు స్విట్జర్లాండ్ శాశ్వత తటస్థతను గుర్తించాయి. అప్పటికీ మనుషుల వ్యాపారము ఆగలేదు. 1848 రాజ్యాంగము కొత్త సైనిక ఒప్పందములను నిషేధించింది. 1859 జూలైలో వచ్చిన చట్టము ప్రభుత్వ అనుమతి లేకుండ పరాయి సేనలో చేరటమును నిషేధించింది. పోపు భవనమును కాపాడే స్విస్ గార్డు మాత్రము నేటికీ కొనసాగుతున్నది.

ఆ చట్టమునకు సుమారు నెల ముందు, 1859 జూన్ 24న, సోల్ఫెరీనో యుద్ధము జరిగింది. వ్యాపారము పని మీద అటు వెళ్ళిన జెనీవా నివాసి ఆన్రీ డ్యునాన్ ఏ పక్షమువాడని అడగకుండ గాయపడినవారికి సేవచేశాడు. దాని ఫలితముగా 1863లో రెడ్‌క్రాస్ కమిటీ, 1864లో జెనీవా ఒప్పందము వచ్చాయి. 1870 యుద్ధములో బాసెల్‌లో ఒక కార్యాలయము తెరచి గాయపడిన, చెరపట్టబడిన సిపాయిల సమాచారమును వారి కుటుంబములకు పంపారు. 1914లో జెనీవాలో ఏర్పడిన యుద్ధఖైదీల సంస్థ 70 లక్షల కార్డులను తయారుచేసింది. శిల్పము అంకెగా మిగిల్చిన సిపాయికి ఆ కార్డు పేరు తిరిగి ఇచ్చింది, అతని తల్లికి జవాబు ఇచ్చింది. తటస్థత అనే మాటకు సువార్త వెలుగులో ఏదైనా అర్థము ఉన్నదంటే, అది ఇక్కడ కనబడుతుందని మా నమ్మకము.

8. వాక్యపు వెలుగులో

ధర్మశాస్త్రము సైన్యమును లెక్కించే ముందు ఇంటిని లెక్కించింది. కొత్త ఇల్లు కట్టినవాడు, ద్రాక్షతోట నాటినవాడు, ప్రధానము చేసికొన్నవాడు యుద్ధము విడిచి ఇంటికి వెళ్ళవచ్చును (ద్వితీ. 20:5–7). కొత్తగా పెండ్లి చేసుకున్నవానికి ఒక సంవత్సరము విడుదల ఉన్నది (ద్వితీ. 24:5). దావీదు ఇంటి దగ్గర ఉండి ఊరియాను యుద్ధమునకు పంపినప్పుడు నాతాను ప్రవక్త మాట్లాడినది రాజ్య వ్యవహారము గూర్చి కాదు, ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల గూర్చి (2 సమూ. 12). సామాను దగ్గర నిలిచినవారికి కూడా సమాన భాగము ఇవ్వవలెనని అదే దావీదు కట్టడ చేశాడు (1 సమూ. 30:24–25). సిపాయిలు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను వారి జీతమును గూర్చి మాట్లాడాడు (లూకా 3:14).

ఈ వాక్యములన్నీ ఒకే కొలబద్దను మన చేతికి ఇస్తున్నాయి. ఒక దేశపు శాంతిని దాని ప్రకటనతో కొలవకూడదు. ఆ శాంతికి ఏ ఇల్లు వెల చెల్లించిందో చూచి కొలవాలి.

9. మన సంఘములకు

మన దేశపు అలీన విధానము స్విస్ తటస్థతవంటి చట్టబద్ధమైన తటస్థత కాదు. అయినను 2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధములో మన దేశము ఏ పక్షమున పోరాడలేదు. ఆ యుద్ధములో కూడా భారతీయ యువకులు చనిపోయారు. ఉద్యోగమని నమ్మి వెళ్ళి రష్యా సేనలో చిక్కుకున్న హైదరాబాద్ యువకుడు ఒకరు మరణించినట్లు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయము తెలిపింది. ఏజెంట్ల మీద సి.బి.ఐ. కేసు పెట్టింది. బ్రేకర్‌కు 1756లో జరిగినదానికి, దీనికి మధ్య రెండువందల అరవై ఏండ్లకు పైగా ఉన్నాయి. మోసపు పద్ధతి మాత్రము మారలేదు. పని ఒకటి చెప్పారు, చేతికి తుపాకి ఇచ్చారు.

కాబట్టి దైవసేవకులకు మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది, విదేశీ ఉద్యోగము కొరకు సంతకము చేసే ముందు యువకులు ఆ కాగితమును కాపరి దగ్గరకో, చదువుకున్న సంఘ పెద్ద దగ్గరకో తెచ్చే అలవాటు సంఘములో కలిగించాలి. జ్వింగ్లీ కాలములో ప్రసంగము ఒక్కటి చాలలేదు. ఇంటికి కూడు పెట్టే మార్గము కనబడలేదు గనుక ష్విజ్ తిరిగి పాత దారి పట్టింది. అప్పులలో ఉన్న కుటుంబమునకు సంఘ సహాయము లేకుండ వెళ్ళవద్దని చెప్పటము సగము పరిచర్యయే.

రెండవది, సైన్యములో ఉన్నవారి కుటుంబములను, పరదేశమున పనిచేయువారి కుటుంబములను పేరు పేరున ప్రార్థనలో జ్ఞాపకము చేసుకోవాలి. ‘మన జవానుల కొరకు’ అన్న ఒక్క మాటతో ముగించకూడదు. అది లూసర్న్ రాతి మీద అంకె వంటిది.

మూడవది, ఏ దేశపు పక్షమో తేల్చక ముందే రెండు వైపుల తల్లులను గూర్చి మాట్లాడే ధైర్యము ప్రసంగ పీఠమునకు ఉండాలి. 1522లో జ్వింగ్లీ ఇటలీ రైతు ఇంటిని ష్విజ్ వారి ముందు నిలిపినట్లు మనమును నిలపగలగాలి. అయితే ఆ మాట పలికినవాడే తరువాత కాపెల్‌కు కత్తితో వెళ్ళాడు. ఆ రోజు సాయంత్రము అన్నా రైన్‌హార్ట్ ఇంటికి వచ్చిన వార్తలో మనకు కావలసినంత హెచ్చరిక ఉన్నది.